ఇద్దరికే చోటు

వేసవి సెలవులు మొదలైన మూడో రోజు ఫోను వచ్చింది. ఏడో తరగతి జవాబు పత్రాల కట్ట బల్ల మీద ఉంది, ఇంకా విప్పలేదు. మాట్లాడిన అమ్మాయి తను కార్ల షోరూము నుంచి చేస్తున్నానని చెప్పి, మావారు ఉన్నారా అని అడిగింది. లేరన్నాను. ఎప్పుడు వస్తారని అడిగింది. ఆ ప్రశ్నకు అప్పటికి నాలుగు నెలలుగా రకరకాల జవాబులు చెప్పి చూశాను. ఏది చెప్పినా ఎదుటివాళ్ళు ఇబ్బంది పడ్డారు. చలికాలంలో పోయారని చెప్పాను. పెట్టేస్తుందేమో అనుకున్నాను. ఆ అమ్మాయి గొంతు తగ్గించి అంది.

"సారు వంతు వచ్చింది మేడమ్. నాలుగేళ్ళ కిందట రాయించుకున్నారు. అది చెబుదామనే చేశాను."

ఏ వంతు అని అడిగి తెలుసుకున్నాను. మా కారుకే కొత్త మోడల్ వచ్చిందట. పాతది వాళ్ళకిచ్చి, పైన కొంత కట్టి కొత్తది తీసుకునేట్టు ఆయన పేరు నమోదు చేయించారట. సెలవులు అయిపోయేదాకా, అంటే ఆరు వారాలు, ఆ వంతు మా పేరు మీదే ఉంటుంది. ఆ తర్వాత వరసలో వెనకవాళ్ళకు వెళ్ళిపోతుంది.

సాయంత్రం అత్తగారికి చెప్పాను. ఆవిడ వాకిట్లో మెట్టు మీద కూర్చుని ఉన్నారు. ఎదురుగా కారు ఉంది. ఆ నాలుగు నెలలూ ఆవిడ సాయంత్రాలు అలాగే గడిచాయి.

"వాడు నాకు చెప్పలేదు" అన్నారు.

"నాకూ చెప్పలేదు అత్తయ్యా."

ఆవిడ కారు వైపే చూస్తూ, "పోన్లే, ఇద్దరికీ సమానంగానే అన్యాయం చేశాడు" అన్నారు.

ఆ కారు స్పోర్ట్స్ కారు. సిరా నీలం రంగు. నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. అందులోకి ఎక్కడమనేది ఉండదు, కాళ్ళు చాపుకుని దూరాలి. అందుకే అత్తగారు దానికి 'చెప్పు' అని పేరు పెట్టారు. ఎవరో పదేళ్ళు వాడి వదిలించుకున్నదాన్ని ఆయన కొన్నారు. తర్వాత పదకొండేళ్ళు ప్రతి సెలవు రోజూ దాని కిందే గడిపారు. ఆయన పని కళ్ళద్దాలు చేయడం. వెంట్రుకవాసి తేడాను వేలితో తడిమి పట్టుకోగల మనిషి. ఆ వేళ్ళకు వారానికోసారి గ్రీజు అంటకపోతే తోచేది కాదు.

అందులో ఇద్దరికే చోటు. ఇంట్లో ముగ్గురం. అందుకని వంతులు పెట్టుకున్నాం. ఒక వారం ఆయన పక్కన నేను, మరో వారం అత్తగారు. ఆవిడ తన వంతు ఒక్కసారి కూడా వదులుకోలేదు. జ్వరంగా ఉన్నా చెవులకు గుడ్డ కట్టుకుని వచ్చి కూర్చునేవారు. నేను ఇంట్లో మిగిలిన వారాల్లో కాంపోజిషన్లు దిద్దుకునేదాన్ని. వీధి చివర ఆ ఇంజను చప్పుడు వినపడగానే కలం మూత పెట్టేదాన్ని.

ఆయన పోయాక ఇంట్లో ఉన్న మనుషులకూ కారులో ఉన్న సీట్లకూ లెక్క సరిపోయింది. నడిపేవాళ్ళే లేరు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ కారుకు రివర్స్ గేరు లేదు. అయిదేళ్ళ కిందట పోయింది. దానికి కావలసిన పళ్ళ చక్రాన్ని కంపెనీ తయారు చేయడం మానేసిందని మెకానిక్ చెప్పాడు. ఆయన దానికి తగ్గట్టు అలవాటు పడ్డారు, మాకూ అలవాటు చేశారు. చుట్టు తిరిగి రాగలిగే వీధుల్లోకే వెళ్ళేవాళ్ళం. ఎక్కడైనా వెనక్కి తీయక తప్పకపోతే పక్కన కూర్చున్న మనిషి మారుమాట లేకుండా దిగి, ముందుకు వెళ్ళి, బానెట్ మీద రెండు చేతులూ ఆనించి తోయాలి. ఇంటి గేట్లోంచి బయటికి తీసేటప్పుడు మాత్రం, వంతు ఎవరిదైనా, ఇద్దరమూ తోసేవాళ్ళం. ఆయన స్టీరింగు పట్టుకుని, తల బయటికి పెట్టి వెనక్కి చూసుకుంటూ, "ఇంకొంచెం, ఇంకొంచెం, చాలు" అనేవారు. ఆ "చాలు" వినగానే మేమిద్దరం ఒక్కసారే నడుం ఎత్తేవాళ్ళం.

కారు ఇవ్వడానికి వీల్లేదన్నారు అత్తగారు. అందులో వాడి చెయ్యి పడని మర ఒక్కటి లేదు, అది పోతే ఇక వాడు ముట్టుకున్నవి ఏం మిగులుతాయి అని అడిగారు. నేను ఎదురు చెప్పలేదు. కానీ ఆయన తన చేత్తో ఒక కాగితం మీద తన కోరిక రాసి సంతకం పెట్టి ఉన్నారు. ఇరవై రెండేళ్ళుగా పిల్లల రాతల మీద ఎర్ర సిరాతో గీతలు గీస్తున్నాను. ఆ ఒక్క వాక్యాన్ని ఎలా కొట్టేయను? ఉన్న కారు ఆయన ప్రేమించింది. రాని కారు ఆయన కోరుకున్నది. రెండింటిలో దేన్ని వదిలినా ఆయన మాటే కాదన్నట్టు అవుతుంది. నాకు నిద్ర పట్టకపోవడానికి అప్పటికే తగినన్ని కారణాలు ఉన్నాయి. ఇదీ వాటిలో చేరింది.

తర్వాతి వారం బస్సెక్కి షోరూముకు వెళ్ళాను. అత్తగారికి బజారుకు వెళ్తున్నానని చెప్పాను.

పొడుగాటి అద్దాల హాలు. మధ్యాహ్నం, మరెవరూ లేరు. మధ్యలో ఎత్తు తక్కువ వేదిక మీద కొత్త మోడల్ కారు ఉంది. వాన ముందు మబ్బు రంగు. మా కారు ముఖకవళికలే కానీ కాస్త ఒళ్ళు చేసినట్టుంది. ఫోనులో మాట్లాడిన అమ్మాయి నన్ను చూడగానే లేచి వచ్చింది. పాతికేళ్ళుంటాయి, కళ్ళజోడు పెట్టుకుంది. కూర్చోబెట్టింది. వెంటనే కాగితాలు తీయలేదు. అది నాకు నచ్చింది.

మావారు మూడు నెలలకోసారి వచ్చేవారని చెప్పింది. ఎప్పుడూ ఈ వేళకే, జనం లేనప్పుడు. షోరూములో అందరికీ ఆయన తెలుసు. ఒకసారి ఆ అమ్మాయి కళ్ళజోడు కాడ వదులైతే జేబులోంచి బుల్లి స్క్రూడ్రైవరు తీసి అక్కడికక్కడే బిగించి ఇచ్చారట. చెబుతూ ఆ కాడను ముట్టుకుని చూపించింది.

ఆయన దీన్ని నడిపి చూశారా అని అడిగాను.

"లేదు మేడమ్. ఎన్నిసార్లు చెప్పినా స్టీరింగు దగ్గర కూర్చోలేదు. ఆ పక్క సీట్లో కూర్చునేవారు. తలుపు వేసుకుని, బెల్టు కూడా పెట్టుకుని. ఒక పది నిమిషాలు. నేనే ఉండబట్టలేక ఓసారి అడిగాను, నడిపే సీటు అటు వైపు కదా సారూ అని."

"ఏమన్నారు?"

"'నడిపేది మా టీచరుగారమ్మా, నేను కాదు' అన్నారు."

అది చెప్పి ఆ అమ్మాయి నవ్వబోయింది, నా ముఖం చూసి ఆగిపోయింది. ఆయన, ఇందులో గేర్లు వాటంతటవే మారతాయా, గేర్లంటే భయం ఉన్నవాళ్ళు నడపగలరా అని కూడా అడిగి తెలుసుకున్నారట. ఆ అమ్మాయి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగాను. ఖాళీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకున్నాను.

ఆయన నాకు కారు నేర్పుతానన్నది మొదటి వేసవిలో. ఒక్క రోజు ప్రయత్నించాను. బ్రేకనుకుని మరొకటి తొక్కి గేటు స్తంభానికి గుద్దాను. ఆయన దిగి, స్తంభాన్ని నిమిరి, "దీనికేం కాలేదు" అన్నారు. మరుసటి ఏడాది మళ్ళీ అడిగారు. వచ్చే సెలవుల్లో చూద్దామన్నాను. ఆ తర్వాత ప్రతి ఏడూ పరీక్షలు అయిపోయిన రోజు ఆయన అడగడం, నేను వచ్చే సెలవుల్లో అనడం. ఆయన ఒక్కసారి కూడా రెండోమాట అనలేదు. నేను దాన్ని మా మధ్య ఒక సరదా అనుకున్నాను. పదకొండు వేసవులు అలా అయిపోయాయి.

ఒకసారి ఎక్కి కూర్చోమని ఆ అమ్మాయి అంది. నాకు నడపడం రాదని చెప్పి వచ్చేశాను. పక్క సీటు సంగతి అత్తగారికి చెప్పలేదు. దాచాలని కాదు. ఆ మాట నోటి దాకా వస్తే తర్వాత ఏమవుతుందో నాకు నమ్మకం లేదు.

మర్నాడు మెకానిక్ దగ్గరికి వెళ్ళి కారు నేర్పమని అడిగాను. అతనికి యాభై దాటి ఉంటాయి, తక్కువ మాట్లాడతాడు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, ఏ కారు మీద అని అడిగాడు. మా కారు మీదే అన్నాను. గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని, "రేపు పొద్దున ఆరింటికి" అన్నాడు.

మా బడి మైదానంలో నేర్చుకున్నాను. సెలవులు కాబట్టి మనిషి అలికిడి లేదు. ఏటా రెండు వందల మందిని వరసలో నిలబెట్టే చోట నేను ఒక్క బండిని తిన్నగా పోనివ్వలేకపోయాను. ఇంజను ఆగిపోయేది. మెకానిక్ ఏమీ అనేవాడు కాదు, ముందున్న గోల్‌పోస్టుల వైపు చూస్తూ కూర్చునేవాడు. ఆ మౌనం తిట్టు కన్నా బాగా పనిచేసింది. నా విద్యార్థుల మీద దాన్ని ఎందుకు వాడలేదా అనుకున్నాను.

రెండో వారంలో మెకానిక్ పని పడి రాలేదు. ఆ పొద్దున అత్తగారు నాకన్నా ముందే తయారై, పాఠాల కోసం గేటు బయటే ఉంచిన కారులో కూర్చుని ఉన్నారు. మైదానం బడి దాటగానే ఉంది, మన వీధి చివరే కదా, పోనీ అన్నారు. ఆవిడ ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేశారు. స్టీరింగు ఎన్నడూ ముట్టుకోలేదు. మైదానంలోకి వచ్చాక బెల్టు సరిచేసుకుని, తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకున్నారు. భయమా అత్తయ్యా అని అడిగాను.

"కాదు. బస్సులో నేనెప్పుడు రోడ్డు చూశాను? డ్రైవరుకి వీపు పెట్టి టికెట్లు కొట్టేదాన్ని. బండి సంగతి నాకు చెవుల్లోనే తెలుసు. ఊఁ, పద."

కదిలాను. చప్పుడు పెరిగింది. ఆవిడ కళ్ళు తెరవకుండానే, "ఇప్పుడు మార్చు" అన్నారు. మార్చాను. గేరు మెత్తగా పడింది. మెకానిక్ పక్కన ఉన్న పదిరోజుల్లో ఎన్నడూ అలా పడలేదు. మళ్ళీ చప్పుడు పెరిగింది. "ఇప్పుడు." ఆ రోజు నుంచి పక్క సీటు ఆవిడదే అయింది. నేను ఆలస్యం చేస్తే, బండి గొంతు చించుకుంటుంటే నువ్వు దాని చేత పద్యం అప్పజెప్పించుకుంటున్నావా అని దెప్పేవారు. తొందరపడితే, అది ఇంకా మాట పూర్తి చెయ్యలేదు ఆగమనేవారు. వారం తిరిగేసరికి ఆవిడ చెప్పడం మానేశారు. నాకే వినపడడం మొదలైంది.

అలా ఒక పొద్దున గోల్‌పోస్టు దగ్గర ఇంజను ఆపి ఇద్దరం కూర్చున్నాం. ఎండ ఇంకా ముదరలేదు. ఇన్నేళ్ళూ వాడి దగ్గర ఎందుకు నేర్చుకోలేదని ఆవిడ అడిగారు. భయమని చెప్పబోయాను. అందరికీ చెప్పే జవాబు అదే. ఆవిడ నా వైపు చూడకుండా మైదానం వైపు చూస్తున్నారు. అందుకేనేమో నిజం వచ్చింది.

"నడిపితే ముందుకే చూడాలి కదా అత్తయ్యా. పక్కన కూర్చుంటే ఆయన్ను చూడొచ్చు."

"ఊఁ, నేనూ చూసేదాన్ని" అన్నారు ఆవిడ. "గడ్డం సరిగ్గా గీసుకునేవాడు కాదు. చెవి కింద వదిలేసేవాడు."

అవును, ఎడమ చెవి కింద. నేను ఇంజను స్టార్టు చేశాను.

డ్రైవింగు పరీక్ష మొదటిసారి తప్పాను. పరీక్షకు మెకానిక్ తన దగ్గరున్న మరో కారు ఇచ్చాడు. అన్నీ బాగానే చేశాను కానీ, వెనక్కి తీసి గీతల మధ్య పెట్టమనేసరికి చేతులాడలేదు. నేను నేర్చుకున్న కారులో ఆ పాఠమే లేదు. అధికారి, మిమ్మల్ని ఎక్కడో చూశానని, వాళ్ళ అబ్బాయి మా బడేనని గుర్తుపట్టి, మళ్ళీ రమ్మన్నాడు. ఫెయిలైన వాళ్ళతో నేను మాట్లాడే పద్ధతిలోనే మాట్లాడాడు. రెండోసారికి పాసయ్యాను.

అయిదో వారంలో, నేను అడిగిన మీదట, షోరూము నుంచి కారు చూసి విలువ కట్టే మనిషి వస్తానని కబురు పంపాడు. వాళ్ళ కాగితంలో ఒక షరతు ఉంది. ఇచ్చే కారు అన్ని గేర్లతో సవ్యంగా నడిచే స్థితిలో ఉండాలి. అప్పుడే ఆ విలువకు కొత్తది చేతికి వస్తుంది. అది రెండుసార్లు చదివాను. ఆ తర్వాత నేను చేసిన పని రాయడానికి కలం మొరాయిస్తోంది. ముందు రోజు సాయంత్రం మెకానిక్‌ను పిలిచి, ముగ్గురం కలిసి వాకిట్లో కారును అటూ ఇటూ తోసి, ముఖం గేటు వైపు ఉండేట్టు తిప్పి పెట్టాం. విలువ కట్టే మనిషి అడిగితే అబద్ధం చెప్పను. అడగకపోతే నేనై చెప్పను. పరీక్ష హాల్లో చీటీ ఉన్న పిల్లవాడు కూడా సరిగ్గా ఇలాగే అనుకుంటాడు.

అత్తగారు కారు ఇవ్వడానికి ఒప్పుకోలేదు కాబట్టి, ఆవిడ ఒక్క మాట అంటే చాలు, మొత్తం ఆగిపోయేది. అది ఆవిడకూ తెలుసు. రాత్రి భోజనం దగ్గర, "నేనేం చెప్పనులే. అది నీకూ వాడికీ మధ్య" అన్నారు.

వచ్చినవాడు పనిమంతుడు. చేతులకు తెల్ల గుడ్డ తొడుగులు, చిన్న టార్చి. బానెట్ ఎత్తి చూసి, ఈ పని ఎవరు చేశారని అడిగాడు. మావారని చెప్పాను. "చెయ్యి బాగుంది" అన్నాడు. గేటు తీశాం. ముందుకు పోనిచ్చి, వీధులన్నీ తిరిగి పావుగంటలో వచ్చి, కారును నేరుగా వాకిట్లోకి తెచ్చి ఆపాడు. కాగితం తీసి అన్ని గళ్ళలోనూ గుర్తులు పెట్టాడు. నేను చూస్తూనే ఉన్నాను, గేర్ల గడిలో కూడా పెట్టాడు. ఇక సంతకమే మిగిలింది. అప్పుడు అతనికి వెనక నుంచి ఫొటో తీయలేదని గుర్తొచ్చింది. నీడలో ఉంది, రెండడుగులు వెనక్కి తీస్తే వెలుగు పడుతుందని, మళ్ళీ కారులో కూర్చుని తలుపు వేసుకున్నాడు.

అతని చెయ్యి గేరు మీదికి వెళ్ళనైనా లేదు. నేను మెట్టు దిగాను. అత్తగారు అప్పటికే దిగారు. ఇద్దరం కారు ముందుకు వెళ్ళి, వంగి, బానెట్ మీద చేతులు ఆనించాం. ఒకరినొకరం చూసుకోలేదు. ఆలోచించలేదు. ఇనుము ఇంజను వేడికి వెచ్చగా ఉంది. "ఇంకొంచెం" అనే మాట కోసం చెవులు సిద్ధంగా ఉన్నాయి.

అద్దం వెనక నుంచి అతను మమ్మల్ని చూస్తున్నాడు.

"ఏం చేస్తున్నారమ్మా?" అన్నాడు, తల బయటికి పెట్టి.

"తోస్తున్నాం. నువ్వు స్టీరింగు చూసుకో" అన్నారు అత్తగారు, ఇంకా వంగే ఉండి.

అప్పుడు నేను చేతులు తీశాను.

అతను గేరు వేసి చూశాడు. రెండుసార్లు కర్రుమంది. దిగి వచ్చి మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఈ కారుకి రివర్స్ గేరు మీరిద్దరా?" అన్నాడు. కోపం లేదు. నిజానికి అతనికి నవ్వు ఆగలేదు. నిన్న సాయంత్రం కావాలనే తిప్పి పెట్టామని నేనే చెప్పాను. అతను తల ఊపి, గేర్ల గడిలో పెట్టిన గుర్తు కొట్టేశాడు. బండిగా తీసుకోలేమని, విడిభాగాలకైతే తీసుకుంటామని, ఆ విలువకు కొత్తది రాదని చెప్పాడు. ఇంకా వారం గడువుంది, ఆలోచించుకోమన్నాడు.

అత్తగారికి సంతోషం కలుగుతుందనుకున్నాను. ఆవిడ కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, అతన్ని అడిగారు. "విడిభాగాలంటే, ముందు ఏం విప్పుతారు?"

"తలుపులమ్మా. వాటికి గిరాకీ ఎక్కువ."

అతను వెళ్ళిపోయాక మెట్టు మీద కూర్చుని, అరచేతుల మట్టి దులుపుకుంటూ, "నేను కావాలని చెయ్యలేదమ్మాయ్" అన్నారు. నేనూ చెయ్యలేదన్నాను. ఆ మాటకు ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ ఇంట్లో మేము నవ్వడం చలికాలం తర్వాత అదే మొదలు. ఎక్కువసేపు నవ్వలేదు.

రెండు రోజులు ఆగి షోరూముకు ఫోను చేశాను. మా వంతు వదులుకుంటున్నామని చెప్పడానికే చేశాను. ఏం చెప్పాలో ముందే కాగితం మీద రాసుకున్నాను కూడా. ఆ అమ్మాయి అంతా విని, ఇంకొక దారి ఉంది కానీ మీకు చెప్పాలంటే మొహమాటంగా ఉందని అంది. హాల్లో వేదిక మీదున్న కారును కూడా అమ్మేస్తున్నారట. దాని చోట వేరేది వస్తోంది. నాలుగేళ్ళుగా వచ్చిన ప్రతివాళ్ళూ ఎక్కి దిగారు, సీటు గుడ్డ కొంచెం అరిగింది, అందుకని ధర బాగా తగ్గించారు. మా పాత కారుకు విడిభాగాల విలువే కట్టినా, పైన ముందు అనుకున్నంత కడితే సరిపోతుంది. ఇన్నేళ్ళు కాచుకున్నవాళ్ళెవరూ దాన్ని అడగరు, అందుకే చెప్పలేదంది.

"మావారు కూర్చున్నది అందులోనేనా?"

"అదే మేడమ్. మా దగ్గర ఉన్నది అదొక్కటే."

నేను రాసుకున్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాను. ఎన్నింటికి రమ్మంటారని అడిగాను.

అత్తగారికి ఆ కారు చవకగా వస్తోందని మాత్రమే చెప్పాను. అడుగుతున్నావా, చెబుతున్నావా అన్నారు. అడుగుతున్నానన్నాను. ఆవిడ జవాబివ్వలేదు. మర్నాడు నేను నిద్ర లేచేసరికి కారు ముందరి సొరుగులో ఉన్న ఆయన వస్తువులన్నీ వంటింటి బల్ల మీద ఒక అట్టపెట్టెలో ఉన్నాయి. అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ, సగం ఖాళీ అయిన పిప్పరమెంట్ల పొట్లం, ఒంటి కాడ ఉన్న కళ్ళజోడు. ఆవిడ జవాబు అదేనని అర్థమైంది.

సెలవుల చివరి రోజున బయల్దేరాం. నేను నడిపాను, ఆవిడ పక్కన కూర్చున్నారు. ఊరి మధ్యలోంచి ఆ కారును నేను నడిపింది ఆ ఒక్కసారే. దారంతా సణుగుతూనే ఉన్నారు. పాతది ఇచ్చి పాతదే తెచ్చుకోవడం ఎక్కడా వినలేదన్నారు. "ఊళ్ళోవాళ్ళంతా ఎక్కి దిగారంటున్నావు. దానికీ బస్సుకీ తేడా ఏముందమ్మాయ్?" అన్నారు. కూడలిలో నేను గేరు మార్చినప్పుడు మాత్రం సణుగుడు ఆపి, విని, మళ్ళీ మొదలుపెట్టారు.

సంతకాలు పెట్టాను. విలువ కట్టిన మనిషే వచ్చి తాళంచెవులు తీసుకున్నాడు. అత్తగారు చేతిరుమాలుతో కారు ముందద్దం మీది దుమ్ము తుడిచారు. కాసేపట్లో విప్పేసే కారది. అతను ఆవిడ తుడవడం పూర్తయ్యేదాకా ఆగాడు. తర్వాత దాన్ని వెనక షెడ్డులోకి తీసుకెళ్ళాడు. ఆ చప్పుడు గోడల అవతల ఆగిపోయేదాకా మేమిద్దరం వింటూ నిలబడ్డాం.

మబ్బు రంగు కారును బయట ఎండలో పెట్టి ఉంచారు. షోరూము అమ్మాయి అత్తగారి కోసం పక్క సీటు తలుపు తెరిచింది. ఆవిడ లోపలికి ఒక కాలు పెట్టారు. అప్పుడు చెప్పాను. ఆయన మూడు నెలలకోసారి ఇక్కడికి వచ్చేవారని, స్టీరింగు దగ్గర ఎన్నడూ కూర్చోలేదని, బెల్టు పెట్టుకుని ఈ సీట్లో పది నిమిషాలు కూర్చుని వెళ్ళిపోయేవారని, నడిపేది నేనని ఈ అమ్మాయితో అన్నారని చెప్పాను. నేను అనుకున్నదాని కన్నా గొంతు నిలకడగానే ఉంది.

అత్తగారు సీటు వైపు చూశారు. గుడ్డ అరిగిన చోట వేళ్ళు పెట్టి, తీశారు. లోపల పెట్టిన కాలు బయటికి తీసుకున్నారు.

"ఇన్నేళ్ళూ మనిద్దరమే వంతులేసుకున్నాం" అన్నారు. "వాడికీ ఒక వంతు కావాలేమోనని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు."

నేను తాళంచెవులు చేతిలోకి తీసుకున్నాను.

"నువ్వు పద. నేను బస్సులో వస్తాను. ఇవాళ వాడి వంతు."

ఎండగా ఉంది అత్తయ్యా అన్నాను. ముప్పై ఏళ్ళు ఎండలో లేనా అన్నారు. తలుపు తనే వేశారు, గట్టిగా కాకుండా. షోరూము ఎదురుగానే స్టాపు ఉంది. బస్సు వచ్చేసరికి ఆవిడ చెయ్యెత్తి ఆపి, డ్రైవరుతో ఏదో అని, వెనక కిటికీ పక్కన సీటు చూసుకుని కూర్చున్నారు.

నేను బస్సు వెనకే రోడ్డెక్కాను. గేర్లు వాటంతటవే మారుతున్నాయి. రెండు చేతులకూ పని లేదు. బస్సు స్టాపులో ఆగింది. నేనూ ఆగాను. జనం దిగారు, ఎక్కారు. వాళ్ళలో కొందరు, అంత వేగంగా పోవాల్సిన కారు బస్సు వెనక ఓపిగ్గా నిలబడి ఉండడం చూసి నవ్వుకున్నారు. బస్సు కదిలింది. నేనూ కదిలాను. తర్వాతి స్టాపులోనూ అంతే. పక్కన రోడ్డు ఖాళీగానే ఉంది. కిటికీలోంచి అత్తగారు చెయ్యి బయటికి పెట్టి, పాత కండక్టరు అలవాటు ప్రకారం, దాటి పొమ్మని ఊపారు. మళ్ళీ ఊపారు. నేను దాటలేదు. ముందుకే చూస్తూ నడిపాను. ఇల్లు ఇంకా ఏడు స్టాపుల దూరంలో ఉంది.